గ్లాస్ ఎలివేషన్ బ్రాకెట్లు, యాంకర్ల డ్రాయింగులు తనిఖీ చేయడం ఎలా? నెల్లూరు, ఒంగోలు భవనాలకు సమగ్ర మార్గదర్శి

నెల్లూరు ట్రంక్ రోడ్డు, మినీ బైపాస్, ఒంగోలు కర్నూలు రోడ్డు వెంట ఈమధ్య లేచిన ఆసుపత్రులు, బట్టల షోరూములు, ఆఫీసు భవనాలు చాలావాటికి ముందు భాగమంతా అద్దమే. మన దగ్గర గ్లాస్ ఎలివేషన్ అని పిలిచే ఈ కర్టెన్ వాల్ ఏ అంతస్తు బరువూ మోయదు. తన బరువును, తన మీద పడే గాలిని అంతస్తు అంతస్తుకూ ఉన్న చిన్న బ్రాకెట్ల ద్వారా భవనానికి అప్పగిస్తుంది, అంతే. ఆ బ్రాకెట్ అరచేయంత ఉంటుంది. దాన్ని పట్టుకునేవి కాంక్రీట్‌లో రంధ్రం వేసి బిగించే బోల్టులు, అంటే రెండో నాలుగో యాంకర్ ఫాస్టెనర్లు. ఫాల్స్ సీలింగు, లోపలి ప్యానెళ్లు మూసేశాక వాటిని మళ్లీ చూసేవాళ్లు ఉండరు. అందుకే ఈ తనిఖీ కాగితం మీద ఉండగానే జరగాలి.

అసలు చిక్కు ఎక్కడంటే, భవనం డిజైన్ చేసిన స్ట్రక్చరల్ ఇంజనీరు బాధ్యత స్లాబ్ అంచుతో ఆగిపోతుంది. గ్లాస్ ఫ్యాబ్రికేటర్ బాధ్యత బ్రాకెట్‌తో ఆగిపోతుంది. ఆ రెంటి మధ్య కాంక్రీట్‌లోకి దిగే యాంకర్ ఎవరి లెక్కలోనూ ఉండదు. కార్పొరేషన్ అనుమతికి పెట్టిన స్ట్రక్చరల్ డ్రాయింగుల్లో చాలాసార్లు ఈ పని ఊసే ఉండదు. తనిఖీ చేసేవాళ్లు మొదట చేయాల్సింది ఆ యాంకర్‌కు ఒక యజమానిని చూపించడం. ఎవరి సంతకంతో ఆ లెక్క వస్తుందో రాతపూర్వకంగా తేలేదాకా మిగతా షీట్లు తిరగేసినా ఉపయోగం లేదు.

మొదటి మెట్టు: కావలసిన కాగితాలు తెప్పించుకోవడం

ఎలివేషన్ డ్రాయింగ్ ఒక్కటి పట్టుకుని తనిఖీ చేయలేం. ఫ్యాబ్రికేటర్ షాప్ డ్రాయింగులు, బ్రాకెట్ లేఅవుట్, ప్రతి రకం బ్రాకెట్‌కూ పెద్ద స్కేలులో గీసిన డిటైల్, గాలి లెక్కతో సహా పూర్తి డిజైన్ లెక్కలు, యాంకర్ తయారీదారు ఇచ్చిన సాంకేతిక పత్రం కావాలి. భవనం వైపు నుంచి స్లాబ్, బీమ్ డ్రాయింగులు, కాంక్రీట్ గ్రేడ్ కావాలి. వీటిలో ఎక్కువగా రానిది లెక్కల పుస్తకమే. "ఇదే సెక్షన్ చెన్నైలో పది అంతస్తులకు వాడాం సార్" అన్న మాట లెక్క కాదు. ఆ భవనం ఏ వీధిలో ఉందో, దాని ముల్లియన్లు (అద్దాన్ని పట్టే నిలువు సెక్షన్లు) ఎంత దూరంలో ఉన్నాయో, స్లాబ్ అంచు ఎంత మందమో తెలియకుండా పోలిక చెల్లదు.

లెక్కలు చదివే ముందు ఒక పని చేయండి. షాప్ డ్రాయింగ్‌లోని స్లాబ్ మందాన్ని, బీమ్ సైజును స్ట్రక్చరల్ డ్రాయింగ్‌తో సరిచూడండి. ఫ్యాబ్రికేటర్ తన సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పాత డిటైల్‌నే మళ్లీ పెట్టడం మామూలు. అందులో బీమ్ 600 మి.మీ. లోతు ఉంటుంది, మన భవనంలో అక్కడ బీమే ఉండదు.

రెండో మెట్టు: భారం నడిచే దారి గీయడం

ఒక ఖాళీ కాగితం మీద అద్దం నుంచి పునాది వైపు భారం ఎలా నడుస్తుందో మీ చేత్తో మీరే గీయండి. అద్దం, సిలికాన్ లేదా ప్రెషర్ ప్లేటు, అడ్డ సెక్షన్ అయిన ట్రాన్సమ్, నిలువు సెక్షన్ అయిన ముల్లియన్, ముల్లియన్‌లోంచి పోయే బోల్టు, బ్రాకెట్, యాంకర్, కాంక్రీట్ అంచు, ఆ తర్వాత బీమ్. ఈ గొలుసులో ప్రతి లింకుకూ పక్కన లెక్కల పుస్తకంలో పేజీ నంబరు వేయండి. పేజీ నంబరు దొరకని చోటే మీ మొదటి రిమార్కు. నా అనుభవంలో అద్దం మందానికి, ముల్లియన్‌కు పేజీలు దండిగా ఉంటాయి. ముల్లియన్ బోల్టు దగ్గర పలచబడి, యాంకర్ దగ్గర ఆగిపోతాయి.

ఇక్కడే ఏ బ్రాకెట్ బరువును, గాలిని రెంటినీ మోస్తుందో, ఏది గాలిని మాత్రమే ఆపుతుందో గుర్తుపెట్టండి. మొదటిదాన్ని డెడ్ లోడ్ బ్రాకెట్, రెండోదాన్ని విండ్ లోడ్ బ్రాకెట్ అంటాం. ఒక్కో ముల్లియన్ ముక్కకు డెడ్ లోడ్ బ్రాకెట్ ఒక్కటే ఉండాలి. రెండు ఉంటే ఆ ముక్క కదలలేదు.

మూడో మెట్టు: గాలి లెక్క

మనది తుపానుల తీరం. 1989 నవంబరులో గే తుపాను కావలి దగ్గరే తీరం దాటింది. గాలి భారాల భారతీయ కోడ్ అయిన ఐఎస్ 875 మూడో భాగం, 2015 సవరణ ప్రకారం నెల్లూరుకు మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. పశ్చిమాన ఉదయగిరి, మార్కాపురం వైపు పోయేకొద్దీ పటంలో ఆ ఊరు ఎక్కడ పడుతుందో విడిగా చూసుకోవాలి. నెల్లూరు అంకెను అక్కడ, అక్కడి అంకెను ఇక్కడ వాడకండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైవే దగ్గర, చుట్టూ పెద్దగా కట్టడాలు లేని చోట 12 మీటర్ల వెడల్పు, 18 మీటర్ల పొడవు, 20 మీటర్ల ఎత్తున్న ఆఫీసు భవనం. చుట్టూ ఎంత బయలుగా ఉందో చెప్పే టెర్రెయిన్ కేటగిరీ రెండు. 20 మీటర్ల ఎత్తులో ఎత్తు గుణకం కే2 విలువ 1.07. కాబట్టి డిజైన్ వేగం సెకనుకు 53.5 మీటర్లు. దాని వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు సుమారు 1.72 కిలోన్యూటన్లు. భవనం చుట్టూ ఊరు కిక్కిరిసి ఉందని మూడో కేటగిరీ తీసుకుంటే కే2 1.01కి, పీడనం 1.53కి దిగుతుంది. ఈ తగ్గింపు తీసుకునే ముందు సైట్‌కి వెళ్లి నాలుగు వైపులా చూడండి. ఒకవైపు చెరువో పొలాలో ఉంటే ఆ వైపు రెండో కేటగిరీయే. మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల సముద్రానికి ఎదురుగా కట్టేదైతే ఒకటో కేటగిరీ.

ఇక ఈ తనిఖీలో ఎక్కువసార్లు తప్పిపోయే అంకె ఒకటుంది. తూర్పు తీరంలో సముద్రం నుంచి 60 కిలోమీటర్ల లోపు ఉన్న భవనాలకు కే4 అనే గుణకం వర్తిస్తుంది. మామూలు భవనాలకు అది 1.0. తుపాను తర్వాత పనిచేయాల్సిన ఆసుపత్రులు, బడులు, షెల్టర్లకు 1.30. ఆసుపత్రులకు భవనం ప్రాముఖ్యతను బట్టి వేసే కే1 గుణకం కూడా 50 మీటర్ల వేగం జోన్‌లో 1.08 అవుతుంది. ఈ రెండూ కలిసి వేగాన్ని 1.4 రెట్లు చేస్తాయి. పీడనం వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి దాదాపు రెట్టింపై 3.38 కిలోన్యూటన్లకు చేరుతుంది. పక్కపక్కనే ఒకే ఎత్తులో ఉన్న ఆఫీసుకూ ఆసుపత్రికీ ఒకే బ్రాకెట్ డిటైల్ కనిపిస్తే, ఆసుపత్రి డిటైల్‌ను అక్కడే ఆపేయండి. నెల్లూరు లాంటి ఆసుపత్రుల ఊర్లో ఇది పుస్తకంలోని చాదస్తం కాదు. తుపాను రాత్రి ఊరి జనం పరుగెత్తేది అక్కడికే.

గాలి దిశ గుణకాన్ని మామూలుగా 0.9 వేస్తారు. తుపాను ప్రాంతాల్లో అది 1.0. విస్తీర్ణం గుణకం కూడా 10 చదరపు మీటర్లు మించని భాగాలకు 1.0. ఒక బ్రాకెట్ కిందికి వచ్చే అద్దం అంతకు తక్కువే ఉంటుంది కనుక తగ్గింపు లేదు. ఫ్రేమ్ డిజైన్‌కు వేసిన తగ్గింపు గుణకాలను అలాగే కాపీ చేసి క్లాడింగ్‌కు, అంటే బయటి అద్దాల తొడుగుకు వేసిన లెక్కలు చాలా వస్తాయి.

తర్వాత పీడన గుణకాలు. మన ఉదాహరణలో ఎత్తు, వెడల్పుల నిష్పత్తి 1.67. గాలికి ఎదురు గోడ మీద 0.8 నెట్టుడు, పక్క గోడల మీద 0.8 పీల్పు. కానీ భవనం మూలల దగ్గర స్థానికంగా పీల్పు 1.2కి పెరుగుతుంది. లోపలి పీడనం 0.2 కలిపితే మధ్యలో 1.0, మూలల్లో 1.4. అంటే మధ్యలో చదరపు మీటరుకు 1.72, మూలల్లో 2.40 కిలోన్యూటన్లు. ఎలివేషన్ మొత్తానికి మధ్య అంకె ఒక్కటే వేసిన లెక్క వస్తే మూలల బ్రాకెట్ల మీద లెక్కించినదానికన్నా 40 శాతం ఎక్కువ గాలి పడుతున్నట్టే. షాప్ డ్రాయింగ్‌లో మూల జోన్‌ను వేరే రంగుతో గీసి, అక్కడి బ్రాకెట్లకు వేరే గుర్తు పెట్టమని అడగండి.

లోపలి పీడనం విషయంలో ఇంకో మాట. గోడలో తెరుచుకునే భాగం 5 శాతం దాటితే ఆ 0.2 కాస్తా 0.5 అవుతుంది. తెరుచుకునే కిటికీలు, కింద షట్టర్లు లెక్కపెట్టండి. తుపానులో ఒక పెద్ద అద్దం పగిలినా భవనం తెరుచుకున్నట్టే. 0.5 తీసుకుంటే మూలలో పీడనం 2.92కి చేరుతుంది. షోరూమ్ ముందు భాగాలకు నేను 0.5 అడుగుతాను.

నాలుగో మెట్టు: ఒక బ్రాకెట్ మీదికి ఎంత వస్తోంది

ముల్లియన్లు 1.2 మీటర్లకొకటి, అంతస్తు ఎత్తు 3.6 మీటర్లు అనుకుందాం. ఒక బ్రాకెట్ కిందికి 4.32 చదరపు మీటర్లు. మూలలో 2.40 చొప్పున గాలి పీల్పు 10.4 కిలోన్యూటన్లు, అంటే ఒక టన్ను పైనే. లిమిట్ స్టేట్ పద్ధతిలో భద్రత కోసం 1.5తో గుణిస్తే 15.6.

ముల్లియన్ ప్రతి అంతస్తు దగ్గర తెగి ఉంటే ఈ లెక్క సరే. రెండు అంతస్తులకు ఒకే ముక్క వేస్తే మధ్య బ్రాకెట్ మీదికి 1.25 రెట్లు వస్తుంది. డ్రాయింగ్‌లో ముల్లియన్ జాయింట్లు ఎక్కడున్నాయో చూడకుండా ఈ అంకెను ఒప్పుకోకండి.

బరువు సంగతి. 6 మి.మీ. అద్దాలు రెండు కలిపిన డబుల్ గ్లేజింగ్‌లో అద్దమే చదరపు మీటరుకు 30 కిలోలు. అల్యూమినియం, మిగతా సరంజామా కలిపి 45 అనుకుంటే బ్రాకెట్ మీద 194 కిలోలు, దాదాపు 1.91 కిలోన్యూటన్లు. గాలి ముందు ఇది చిన్నగా కనిపిస్తుంది. కానీ ఈ బరువు కాంక్రీట్ ముఖానికి దూరంగా వేలాడుతుంది. ఆ దూరం తిప్పే బలంగా మారి యాంకర్‌ను పీకుతుంది. ఎంత పీకుతుందో తర్వాతి మెట్టులో చూద్దాం.

ముల్లియన్‌కు ఒక పక్కనే యాంగిల్ వేశారా, రెండు పక్కలా వేశారా అన్నది కూడా చూడండి. ఒక పక్కనే ఉంటే భారం యాంగిల్‌ను మెలిపెడుతుంది, లెక్కలో ఆ మెలిక ఉండాలి. నెల్లూరు స్థాయి గాలికి రెండు పక్కలా యాంగిళ్లు వేయించడమే నా సలహా. ముల్లియన్‌లోంచి పోయే బోల్టు దగ్గర అల్యూమినియం గోడ మందం 2 నుంచి 3 మి.మీ. మాత్రమే ఉంటుంది, అక్కడ రంధ్రం సాగిపోకుండా బేరింగ్ చెక్ ఉందా? వాడేది ఎక్కువగా 6063 మిశ్రమం, టెంపర్ టీ5నా టీ6నా అన్నది డ్రాయింగ్ మీద ఉండాలి. బ్రాకెట్ ఉక్కుకు ఉక్కు కట్టడాల కోడ్ ఐఎస్ 800 ప్రకారం రంధ్రం నుంచి అంచుకు చాలినంత దూరం ఉండాలి. షియర్ చేసిన లేదా చేతి గ్యాస్ కటింగ్ అంచైతే రంధ్రం వ్యాసానికి 1.7 రెట్లు, మెషిన్‌తో కోసిందైతే 1.5 రెట్లు.

ఐదో మెట్టు: కాంక్రీట్‌లో యాంకర్

ఇక్కడ తీరిగ్గా కూర్చోండి. ఈ తనిఖీలో సగం సమయం ఈ ఒక్క మెట్టుకే పోవాలి.

ఎం12 (12 మి.మీ. వ్యాసం) ఫాస్టెనర్ బోల్టు తెగిపోవడం అరుదు. తెగేది కాంక్రీట్. యాంకర్‌ను లాగితే దాని అడుగు నుంచి పైకి విచ్చుకున్న గరాటు ఆకారంలో కాంక్రీట్ ముక్క ఊడి వస్తుంది. ఆ గరాటు పూర్తిగా ఏర్పడాలంటే యాంకర్ లోతుకు 1.5 రెట్ల దూరం అన్ని వైపులా కాంక్రీట్ ఉండాలి. రెండు యాంకర్ల మధ్య లోతుకు 3 రెట్ల దూరం ఉండాలి. లేకపోతే గరాటు కోసుకుపోయి బలం పడిపోతుంది. కేటలాగ్‌లోని అంకె పూర్తి గరాటుది. స్లాబ్ అంచులో పూర్తి గరాటు దాదాపు ఎప్పుడూ ఉండదు.

మన ఉదాహరణలో అంచున బీమ్ లేదు, 150 మి.మీ. స్లాబ్ ముందుకు పొడుచుకొచ్చింది. దాని ముఖం మధ్యలో, 150 మి.మీ. ఎడంతో, 70 మి.మీ. లోతున రెండు యాంకర్లు. కాంక్రీట్ గ్రేడ్ ఎం25. యూరోపియన్ కోడ్ ఈఎన్ 1992-4 పద్ధతిలో పగుళ్లున్న కాంక్రీట్‌కు లెక్కిస్తే, పూర్తి గరాటున్న ఒక్క యాంకర్‌కు 20.2 కిలోన్యూటన్లు వస్తుంది. భద్రత కోసం 1.5తో భాగిస్తే 13.4. ఫ్యాబ్రికేటర్ లెక్కలో దీన్ని రెండుతో గుణించి 26.9 అని, మన 15.6 కన్నా ఎక్కువ కాబట్టి సరిపోతుందని రాసి ఉంటుంది.

ఇప్పుడు అంచులు పట్టించుకోండి. పైకీ కిందికీ 75 మి.మీ. చొప్పునే ఉంది, కావలసింది 105. యాంకర్ల ఎడం కావలసింది 210, ఉన్నది 150. ఈ కోతలన్నీ వేస్తే జంట మొత్తానికి 15.0 కిలోన్యూటన్లే మిగులుతుంది. గాలి ఒక్కటే 15.6. అప్పటికే చాలలేదు.

బరువు తిప్పే బలం ఇంకా కలపలేదు. ముల్లియన్ మధ్య గీత కాంక్రీట్ ముఖానికి 120 మి.మీ. దూరంలో ఉంటే, 1.5తో గుణించిన బరువు 2.9 కిలోన్యూటన్లు కలిగించే మొమెంట్ 0.35 కిలోన్యూటన్ మీటర్లు. ప్లేటు ఎత్తు 120 మి.మీ., యాంకర్లు ఒకే వరుసలో మధ్యన. ప్లేటు కింది అంచు నొక్కుకునే చోటికీ యాంకర్ వరుసకూ మధ్య 50 మి.మీ. మాత్రమే ఉంటుంది. ఆ చిన్న దూరంతో 0.35ని భాగిస్తే అదనంగా 7 కిలోన్యూటన్ల లాగుడు. మొత్తం 22.6. ఉన్న బలం 15.0. తప్పు ఎంత పెద్దదో చూడండి, ఇది మూల గుణకాలన్నీ సరిగ్గా వేసిన లెక్క.

దీనికి మందు యాంకర్ సైజు పెంచడం కాదు. ఎం16 వేసినా గరాటు అదే అంచుల మధ్య ఇరుక్కుంటుంది. బ్రాకెట్‌ను స్లాబ్ ముఖం మీద నుంచి పైభాగానికి మార్చి, అంచు నుంచి లోపలికి 150 మి.మీ. దాటి యాంకర్లు వేయించండి. అప్పుడు గాలి పీల్పు అంచు వైపు షియర్‌గా, అంటే యాంకర్‌ను అడ్డంగా తోసే బలంగా మారుతుంది. అంచు కాంక్రీట్ ఆ దిశలో చీలకుండా ఉందో లేదో వేరే చెక్ వేయించాలి. ఫ్లోరింగ్ మందంలో బ్రాకెట్ దాగాలి కాబట్టి ఆర్కిటెక్ట్‌తో ముందే మాట్లాడాలి. స్లాబ్ ఇంకా పోయకపోతే అంతకన్నా మంచి దారి ఉంది. సెంట్రింగ్‌లోనే కాంక్రీట్‌లో కలిసిపోయే ఎంబెడ్ ప్లేటో కాస్ట్-ఇన్ ఛానలో పెట్టించి, అంచున చిన్న బీమ్ దింపించండి. నా లెక్కలో గ్లాస్ ఎలివేషన్ ఉంటుందని తెలిసిన ప్రతి భవనానికీ ఇదే సరైన పద్ధతి. స్లాబ్ పోయకముందే గ్లాస్ ఫ్యాబ్రికేటర్‌ను ఖరారు చేయమని యజమానిని ఒప్పించడం కష్టమే, అయినా ఒప్పించాలి.

ఇంకో చోట కన్ను పెట్టాలి. షాప్ డ్రాయింగ్‌లో బీమ్ ముఖం మీద ప్లేటు నేరుగా ఆనినట్టు గీస్తారు. సైట్‌లో ఆ ముఖం మీద ప్లాస్టరింగ్ ఉంటుంది. 110 మి.మీ. పొడవు ఫాస్టెనర్‌లో నట్టు, వాషర్‌కు 15 పోతుంది. ప్లేటుకు 8. సెంట్రింగ్ లైన్ తప్పిన చోట వేసే ప్యాకింగ్‌కు 12. ప్లాస్టర్ 20. కాంక్రీట్‌లోకి దిగింది 55 మాత్రమే. 70 కావలసిన చోట 55 ఉంటే గరాటు బలం 70 శాతానికి పడిపోతుంది. ఆ ఫాస్టెనర్‌కు తయారీదారు చెప్పిన కనీస లోతు 55 కన్నా ఎక్కువైతే ఏ బలమూ లెక్కలోకి తీసుకోలేం. కాబట్టి డ్రాయింగ్ మీద ఒక నోట్ ఉండాలి: బ్రాకెట్ చోట ప్లాస్టర్ పూర్తిగా చెక్కి, కాంక్రీట్ ముఖం నుంచి లోతు కొలవాలి, ప్యాకింగ్ ఇన్ని మి.మీ. మించకూడదు. మించితే ఏ పొడవు ఫాస్టెనర్ వాడాలో కూడా అక్కడే రాయాలి.

కెమికల్ యాంకర్ ప్రతిపాదిస్తే, రంధ్రం శుభ్రం చేసే పద్ధతి డ్రాయింగ్ మీదే అడగండి. బ్లోయర్‌తో ఊది, బ్రష్ వేసి, మళ్లీ ఊదాలి. దుమ్ము మిగిలితే జిగురు దుమ్మును పట్టుకుంటుంది, కాంక్రీట్‌ను కాదు. మన రోహిణి కార్తె ఎండల్లో ఆ రసాయనం కొద్ది నిమిషాల్లోనే గట్టిపడుతుంది. వేసవిలో పని జరిగితే తెల్లవారుజామున వేయమని షెడ్యూల్‌లోనే రాయించండి. డ్రిల్లింగ్‌లో కడ్డీ తగిలితే ఏం చేయాలన్నది కూడా ముందే తేలాలి. కడ్డీ కోయడానికి వీల్లేదు. రంధ్రం జరపాలి, పాతదాన్ని ష్రింక్ కాని గ్రౌట్‌తో నింపాలి, బ్రాకెట్ ప్లేటులో అందుకు తగ్గ అదనపు రంధ్రాలు ఉండాలి. బయటపడ్డ కడ్డీకి బ్రాకెట్ వెల్డింగ్ చేసే డిటైల్ ఎక్కడ కనిపించినా తిరస్కరించండి.

ఆరో మెట్టు: కదలడానికి చోటు

అల్యూమినియం డిగ్రీకి మీటరుకు 0.023 మి.మీ. సాగుతుంది. 3.6 మీటర్ల ముల్లియన్ 50 డిగ్రీల తేడాకు 4 మి.మీ. పైగా పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం నెల్లూరు ఎండలో ముదురు రంగు సెక్షన్‌కు, డిసెంబరు తెల్లవారుజాముకు మధ్య అంత తేడా మామూలే. దానికి స్లాబ్ అంచు వంగుడు తోడవుతుంది. కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456 ప్రకారం పార్టిషన్లు, ఫినిషింగులు వేశాక వచ్చే వంగుడు స్పాన్‌లో 350వ వంతు లేదా 20 మి.మీ., ఏది తక్కువైతే అంత దాకా ఉండొచ్చు. 6 మీటర్ల బీమ్‌కు అది 17 మి.మీ. ముల్లియన్ జాయింట్‌లో 10 మి.మీ. ఖాళీ గీసి ఉంటే, ఎండ 4 తినేశాక మిగిలింది 6. ఆ బీమ్ నిజంగా ఎంత వంగుతుందో స్ట్రక్చరల్ ఇంజనీరు నుంచి అంకె తెప్పించుకోండి. కోడ్ గరిష్ఠాన్ని ఊహించుకోవద్దు, సున్నా అని కూడా అనుకోవద్దు.

విండ్ లోడ్ బ్రాకెట్‌లో నిలువు స్లాట్ హోల్ ఉండాలి, బోల్టు స్లాట్ మధ్యలో ఉండాలి, లోపల నైలాన్ వాషరో స్లీవో ఉండాలి. నట్టు బిగించి పట్టేస్తే స్లాట్ ఉన్నా లేనట్టే. ఎంత బిగించాలో, ఏ రకం లాక్ నట్టు వాడాలో డిటైల్‌లో చూడండి. డెడ్ లోడ్ బ్రాకెట్‌లో దీనికి వ్యతిరేకం. అక్కడ సర్దుబాటుకు పెట్టిన స్లాట్ అలైన్‌మెంట్ అయ్యాక జారకుండా పళ్ల ప్లేటు ఉండాలి.

భూకంప కోడ్ ఐఎస్ 1893 2016 నాటి పటంలో నెల్లూరు మూడో జోన్‌లో ఉంది. డిజైన్ భూకంప బలానికి అంతస్తు అంతస్తుకూ మధ్య పక్కకు జరుగుడు ఎత్తులో 0.004 వంతు దాటకూడదు. 3.6 మీటర్లకు 14.4 మి.మీ. నిజమైన కుదుపులో అంతకన్నా ఎక్కువే జరగొచ్చు. అద్దం ఫ్రేమ్ లోపల ఆ మేరకు ఒరగడానికి పక్క ఖాళీలు ఉన్నాయా, ముఖ్యంగా మూలల్లో రెండు ముఖాలు కలిసే చోట, చూడండి.

ఏడో మెట్టు: స్లాబ్ అంచు మోస్తుందా?

యాంకర్ నిలిచినా అది కూర్చున్న స్లాబ్ నిలవాలి. అద్దం బరువు మీటరుకు ఎంత, బ్రాకెట్ దగ్గర గాలి బలం ఎంత, మొమెంట్ ఎంత అన్న పట్టిక ఒకటి ఫ్యాబ్రికేటర్ ఇవ్వాలి. భవనం ఇంజనీరు దాని మీద సంతకం పెట్టాలి. ఇటుక గోడ ఉంటుందని డిజైన్ చేసిన బీమ్‌కు అద్దం బరువు తేలికే. ఏమీ ఉండదని పొడిగించిన కాంటిలీవర్‌కే ఇబ్బంది. ఒంగోలు, నెల్లూరుల్లో పాత భవనాలకు కొత్తగా గ్లాస్, ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) తొడిగే పనులు ఎక్కువగా జరుగుతున్నాయి. వాటికి ఈ మెట్టు తప్పనిసరి. పాత కాంక్రీట్ గ్రేడ్ ఊహించకుండా కోర్ తీసి పరీక్షించాలి, పారాపెట్ ఇటుక గోడలో వేసిన ఏ యాంకర్‌నూ లెక్కలోకి తీసుకోకూడదు.

ఎనిమిదో మెట్టు: ఉప్పుగాలి

ఉక్కు బ్రాకెట్లకు హాట్ డిప్ గాల్వనైజింగ్ రాయించండి. పైపైన జింక్ పెయింట్ చాలదు. బ్రాకెట్‌ను గాల్వనైజ్ చేశాక సైట్‌లో వెల్డింగ్, కటింగ్ వద్దు. బయటి గాలి తగిలే బోల్టులు, యాంకర్లకు తీరానికి దగ్గర్లో 304 కన్నా 316 స్టెయిన్‌లెస్ స్టీల్ మేలు. ఉక్కు, అల్యూమినియం నేరుగా తాకే ప్రతి చోటా నైలాన్ లేదా ఈపీడీఎం రబ్బరు ప్యాడ్ ఉండాలి. తడి, ఉప్పు కలిస్తే ఆ తాకిడి దగ్గర అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. స్లాబ్ అంచుకూ అద్దానికీ మధ్య ఖాళీని నిప్పు అడ్డుకునే పదార్థంతో మూయాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. ఆ పదార్థం బ్రాకెట్ చుట్టూ తడి పట్టి ఉంచకుండా డిటైల్ ఉండాలి.

తొమ్మిదో మెట్టు: రిమార్కులు రాయడం

"యాంకర్లు సరిచూడండి" అని రాస్తే "సరిచూశాం" అని జవాబు వస్తుంది. షీట్ నంబరు, డిటైల్ నంబరు, అంకె, కోడ్, కావలసిన జవాబు అన్నీ ఒకే వాక్యంలో రాయండి. ఉదాహరణకు: "షీట్ 7, డిటైల్ 3: బీమ్ లేని 150 మి.మీ. స్లాబ్ ముఖంలో రెండు ఎం12 యాంకర్లకు అంచు దూరం 75 మి.మీ. ఉంది. అంచు, ఎడం తగ్గింపులతో, బరువు మొమెంట్ కలిపి, పగుళ్లున్న ఎం25 కాంక్రీట్‌కు బలం చూపించండి, లేదా బ్రాకెట్‌ను స్లాబ్ పైభాగానికి మార్చండి." ప్రాణాలకు ముప్పున్నవీ, నోట్ చేర్చితే తీరేవీ వేర్వేరుగా పెట్టండి. మొదటి రకం తీరేదాకా ఫ్యాబ్రికేషన్‌కు అనుమతి ఇవ్వకండి. అల్యూమినియం కోసేశాక ఎవరూ డిటైల్ మార్చరు.

పదో మెట్టు: సైట్‌లో మొదటి బ్రాకెట్

ఆమోదించిన డ్రాయింగ్‌తో మొదటి బ్రాకెట్ బిగించే రోజు మీరు అక్కడుండాలి. ప్లాస్టర్ చెక్కారా, రంధ్రం లోతు గుర్తు పెట్టిన బిట్‌తో వేశారా, దుమ్ము ఊదారా, టార్క్ రెంచ్‌తో బిగించారా చూడండి. తర్వాత పుల్ టెస్ట్. పని భారానికి 1.5 రెట్ల దాకా లాగి పట్టి ఉంచితే యాంకర్ జారకూడదు, కాంక్రీట్‌లో పగులు రాకూడదు. ఈ పరీక్షలు ప్రతి అంతస్తులో, ముఖ్యంగా మూల జోన్లలో జరగాలి. ఏ యాంకర్‌ను లాగాలో ఫ్యాబ్రికేటర్ మనిషి చూపించకూడదు, మీరే ఎంచుకోవాలి. ఒక్కటి విఫలమైనా ఆ అంతస్తులో అదే ముఠా వేసిన మిగతా వాటిని పరీక్షించాకే అద్దం ఎక్కించనివ్వండి. ఫలితాలు, ఫొటోలు, ప్రతి బ్రాకెట్ నంబరు కలిపి ఒక ఫైలు యజమాని దగ్గర ఉండాలి. తుపాను తర్వాత ఫాల్స్ సీలింగు ఎక్కడ విప్పి చూడాలో ఆ ఫైలే చెబుతుంది.